మామిడిచెట్టు కింద హెల్మెట్

నాన్నా,

నువ్వు పోయాక మొదటిసారి పిల్లలతో హత్నూర తోటకు వెళ్లాం. రిటైరయ్యాక సరదాకి నువ్వు పెట్టిన మామిళ్లు విరగకాశాయి. నీ ఫ్యాక్టరీ హెల్మెట్ ఇంకా పంపుసెట్టు గదిలో మేకుకే ఉంది. కాయలు దించేటప్పుడు అది పెట్టుకోనిదే ఎవరినీ చెట్టు కిందికి రానిచ్చేవాడివి కాదు. ఇదేమన్నా ప్లాంటా అని అమ్మ విసుక్కునేది.

ఈరోజు మాకెవ్వరికీ అది గుర్తే రాలేదు. అమ్మ కాయలు ఏరుతుంటే, నా చిన్న కూతురు గదిలోకి పరుగెత్తి హెల్మెట్ తెచ్చింది.

"జెర తల వంచు అమ్మమ్మా! లేకుంటే తాత తిడతడు."

అమ్మ చేతిలో కాయలు కింద పెట్టి తల వంచింది. హెల్మెట్ కళ్ల మీదికి జారిపోతూనే ఉంది. అయినా అమ్మ, నీ తల కొలతకు ఉన్న పట్టీని సాయంత్రం దాకా బిగించుకోలేదు నాన్నా.