ఖాళీ చేతుల పరుగు

అమ్మా,

ఆదివారం టీవీలో మా అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో నా పరుగు చూసి చర్చి వాళ్లందరితో కలిసి చప్పట్లు కొట్టానన్నావు. అప్పుడు బంతి నా దగ్గర లేదమ్మా. అవతలి జట్టును ఏమార్చడానికి మా జట్టులో బంతి విసిరే వెండెల్ దాన్ని నా పొట్ట దగ్గర పెట్టినట్టే పెట్టి వెనక్కి లాగేసుకున్నాడు. ఖాళీ చేతులు అదుముకుని పరిగెత్తిన నా మీద ముగ్గురు పడ్డారు. ఈలోగా ఆయన తాపీగా బంతి విసిరాడు. పేపర్లో ఫొటో ఆయనది, దెబ్బల నొప్పులకు కూర్చునే ఐసుగడ్డల తొట్టి నాది.

"ముప్పై తొమ్మిదేళ్లొచ్చినా ఏం చెయ్యిరా వెండెల్‌ది" అని కోచ్ ఒకటే మురిసిపోవడం. బంతితో పరుగూ, బంతి విసిరే పాసూ సమంగా ఉండాలి కదా అని అడిగాను. "సమంగానే ఉన్నాయి కదరా, నువ్వు పరిగెత్తు, ఆయన విసురుతాడు" అన్నాడు.

పైగా నువ్వూ ఆయన సంతకమే అడిగావు. కొడుకుది అక్కర్లేదు కాబోలు. సరే, పెట్టించాను, ఈ కవర్లోనే ఉంది. సంతకం పైన ఆయన రాసింది చదివాను: "అమ్మగారూ, ఈ వయసులోనూ నేను నిలబడి విసరగలుగుతున్నానంటే, నా మీద పడాల్సినవాళ్లు మీ అబ్బాయి మీద పడుతున్నారు కాబట్టే."

ఈ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు ముసలాడు.

అందరికీ చూపించడం అయ్యాక ఆ కాగితం నాకే పంపించెయ్యి.

నీ కొడుకు