నలభై ఎనిమిది కిలోల నంబర్ వన్

కరీంనగర్ హాస్టల్

ప్రియమైన నానీకి, నీ మనవరాలు యాస్మీన్ సలాములు.

శిబిరం అయ్యేదాకా మా ఫోన్లు కోచ్ సదానందం సార్ దగ్గరే ఉంటాయి, అందుకే ఈ ఉత్తరం. రాష్ట్ర బాక్సింగ్ ర్యాంకులు వచ్చాయి నానీ! నలభై ఎనిమిది కిలోల విభాగంలో నాది రెండో ర్యాంకు! ఏ పోటీలో ఎంతవరకు గెలిచామో చూసి పాయింట్లు వేస్తారు. ఎక్కువ పాయింట్లున్నవాళ్లు పైన. మొదటి ర్యాంకు బెల్లంపల్లి ప్రజ్ఞది. మేమిద్దరం ఇంతవరకు ఒక్కసారీ తలపడలేదు.

నీ యాస్మీన్

---

జమ్మికుంట

బంగారు యాస్మీన్‌కు, నాని బిస్మిల్లా బీ దువా.

నీతోని కొట్లాడకుండనే గా పిల్ల మొదటిదెట్లయింది? గిదేం లెక్క? అయినా ఫికర్ చెయ్యకు. నా మనుమరాలు నలభై ఎనిమిది కిలోలు లేపుతదని పత్తి యార్డంత చెప్పి వచ్చిన.

నీ నాని

తా.క.: హమాలీలు నవ్విండ్రు. "మేం రోజూ క్వింటాల్ లేపుతం, మా ర్యాంకేది?" అని అడుగుతున్నరు.

---

కరీంనగర్

నానీకి సలాములు.

నలభై ఎనిమిది నేను ఎత్తే బరువు కాదు, నా బరువు! అంత బరువున్నవాళ్లు అంతే బరువున్నవాళ్లతో ఆడాలి. ఇంకో వార్త. ప్రజ్ఞ యాభై ఒక్క కిలోల విభాగానికి మారింది. ఆమె పేరు మా పట్టికలోంచి పోయింది, నేను పైకి జరిగాను. నేనిప్పుడు నంబర్ వన్! హాస్టలంతా గంతులేసింది. నాకే అన్నం సయించలేదు. "ఖాళీ అయిన కుర్చీల కూసున్నవ్" అంది నా గదిలో ఉండే పద్మలత. నవ్వుతూనే అంది గానీ, ఏడుపొచ్చింది.

యాస్మీన్

---

జమ్మికుంట

నంబర్ వన్ యాస్మీన్‌కు దువా మీద దువా!

ఉత్తరం చదివి గల్లీ గల్లీకి జిలేబీ పంచిన. చౌరస్తాల నీ ఫ్లెక్సీ కట్టిచ్చిన, యార్డు గేటంత! కుర్చీ ఖాళీ అయితే ఎవరో ఒకరు కూసోవాలె గద, ఏడుస్తవేంది పిచ్చిదానా?

నీ నాని

తా.క.: ఫ్లెక్సీ పిలగాడు కిలోలని రాయమంటే ఏండ్లని రాసిండు. "48 ఏండ్ల యాస్మీన్". ఇద్దరు ముసలోళ్లు సంబంధం అడగొచ్చిండ్రు. ఒకాయనకు నోట్ల పండ్లు సుత ఉన్నయి.

---

కరీంనగర్

నానీ! ముందు ఆ ఫ్లెక్సీ దింపించు!

నేనూ యాభై ఒకటికి మారుతున్నాను. అక్కడ నాకు పాయింట్లు లేవు, ర్యాంకే లేదు. సార్ తల పట్టుకున్నారు. "నంబర్ వన్ ఇడిసిపెట్టి నంబరే లేని కాడికి పోతవా?" అన్నారు. పోతానన్నాను. ఆదిలాబాద్ పోటీలో ప్రజ్ఞతో ఆడితే గానీ నాకు నిద్రపట్టదు.

యాస్మీన్

తా.క.: నువ్వు మాత్రం రావద్దు. నిన్ను చూస్తే నా దృష్టంతా నీ మీదికే పోతుంది.

---

ఆదిలాబాద్ బస్టాండ్

నా పులి యాస్మీన్‌కు, వేయి దువాలు.

రావద్దంటే ఆగుతనా? ఎనక వరుసల ముసుగేసుకొని కూసున్న. మొదటి రౌండుల ప్రజ్ఞ చేతుల నువ్వు దెబ్బలు తింటుంటే కండ్లు మూసుకున్న. మూడో రౌండుల నీ ఎడమ చెయ్యి లేచినంక మళ్ల మూసుకోలే! రెఫరీ నీ చెయ్యి పైకెత్తంగనే గట్టిగ ఒర్రిన. పక్కనున్నాయన లేచి దూరం పోయి కూసున్నడు.

బస్టాండ్‌ల ప్రజ్ఞ కనవడ్డది. మూతి వాచింది పాపం. చాయ్ తాపిచ్చి, "బరువు పెరిగి గీ విభాగానికి వచ్చినవా బిడ్డా?" అని అడిగిన.

"పెరగలే అవ్వా, తిని తిని పెంచుకున్న. వీడియోల యాస్మీన్ ఎడమ చెయ్యి చూసి భయపడి పారిపోయొచ్చిన. నా ఎనకనే వస్తదని నాకేం ఎరుక?" అన్నది.

నవ్వాలెనో ఏడ్వాలెనో తెల్వక నేను రెండూ చేసిన.

నీ నాని

తా.క.: నువ్వు గీడనే ఉంటవా, యాభై నాలుగుకు పోతవా అని ప్రజ్ఞ అడగమన్నది. జర జల్ది జవాబు రాయి. గా పిల్ల తినుడు షురూ చెయ్యాలెనట.