రెండో వయొలిన్ చోటు

ఒరేయ్ రవీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ కెనడా బేస్‌మెంట్‌లో నీ పరుపు వారం తిరక్కుండానే ఇంకో స్టూడెంట్‌కి పోయింది. మెక్సికో పాటలు వాయించే మన మరియాచి బ్యాండ్‌లో నీ చోటు మాత్రం ఇవాళే నిండింది. హాలిఫాక్స్ రేవులో వాయించాం. నీ రెండో వయొలిన్ కొత్తగా చేరిన యుక్రెయిన్ అమ్మాయి, ట్రంపెట్ ఫిలిప్పీన్స్ నర్సు, గిటార్ నేను. మెక్సికో లూపె ఆంటీ ఎప్పట్లాగే పాడింది.

పాట చివర నువ్వు కర్ణాటక సంగీతం అలవాటుకొద్దీ గమకం వేసేవాడివి. మరియాచిలో స్వరాన్ని అలా ఊపకూడదని ఆంటీ ప్రతిసారీ తిట్టేది. ఇవాళ సరిగ్గా అక్కడే ఆ గమకం వినిపించింది. నా చెయ్యి ఆగిపోయింది. నువ్వు నిలబడే వైపు తిరిగాను.

"ఇది ఎవరు నేర్పారు?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"మీ పాత రికార్డింగ్ విని నేర్చుకున్నా. తప్పా?"

ఆంటీ ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"తప్పేం లేదు. ఆ పాటే అంత," అంది.