రన్‌వేకి దగ్గర్లో

ఫిబ్రవరి 11, మంగళవారం

ఓర్వకల్లులో ఈ రోజూ సర్క్యూట్లే. ఎక్కు, రన్‌వే పక్కనే వెనక్కి పో, తిరుగు, దిగు. మా ఇన్‌స్ట్రక్టర్ హెన్రీ సార్‌ది ఒకటే నస: ఇంజన్ ఆగినా జారుకుంటూ రన్‌వే చేరేంత దగ్గర్లోనే ఉండల్లమ్మా అని. నేను వెడల్పుగా తిప్పుతాను. పెద్ద విమానంలా, దర్జాగా.

నాతోపాటు నేర్చుకునే ఎమ్మిగనూరు నేతగాళ్ళ పిల్లోడు ఓబుళేశు మాత్రం రన్‌వేని పట్టుకుని వేలాడతాడు. మగ్గం గుంతలోంచి ఇంకా పైకి రాలేదు పాపం.

ఫిబ్రవరి 14, శుక్రవారం

గాల్లో ఉండగా సార్ థ్రాటిల్ మూసేశాడు. ఇంజన్ పోయిందనుకో, దించు అన్నాడు. రన్‌వే అందలేదు. కంపచెట్ల మీదకి వచ్చాక పవర్ ఇచ్చి, సచ్చినావు పో తల్లీ అన్నాడు.

ఓబుళేశు దించేశాడట. దించక ఏం చేస్తాడు, రన్‌వే మీదే కాపురం పెట్టినోడు! అయినా నిజంగా ఇంజన్ ఎందుకు ఆగుతుంది? వట్టి చాదస్తం.

ఫిబ్రవరి 15, శనివారం

సార్ పక్కనున్నంతసేపూ బుద్ధిగా దగ్గర్లోనే తిప్పాను. నమ్మేశాడు. సోమవారం ఎనిమిదికి నా మొదటి సోలో, సార్ లేకుండా ఒక్కదాన్నే. తొమ్మిదికి అదే విమానంలో ఓబుళేశుది.

నాన్న బద్వేలు నుంచి రెండు బండ్లలో జనాన్ని తెస్తాడట. ఓర్వకల్లు రాళ్ళ దగ్గర నిలబడతారట. ఆ రాళ్ళ మీదుగా రా సుప్రజా, అందరికీ కనపడల్ల అన్నాడు. రాళ్ళు రన్‌వేకి చాలా దూరం. సార్ కిందుంటాడు కదా, ఏం చేస్తాడు?

ఫిబ్రవరి 16, ఆదివారం

నాన్న ఫోన్. రేపు ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలమంట, టైము మార్పించుకోవాలంట. ఛీ, విమానానికి రాహుకాలం! కాదంటే పోనివ్వడు. నా టైము నువ్వు తీసుకుంటావా అని ఓబుళేశుని అడిగాను. రాహుకాలం సంగతి వాడికి చెప్పలేదు. ముందు సోలో నాదేనా అక్కా అని సంబరపడ్డాడు, పిచ్చి మొహం.

ఫిబ్రవరి 17, ఉదయం 8:40

ఓబుళేశు ఇంజన్ ఆగిపోయింది. నిజంగానే.

రన్‌వే పక్కన వెనక్కి పోతుండగా చప్పుడు పోయింది. మేమంతా నోరు తెరుచుకుని చూస్తున్నాం. వాడు తిరిగి, జారుకుంటూ వచ్చి, రన్‌వే మీదే దించాడు. హెన్రీ సార్ ఏడ్చేశాడు.

సాయంత్రం

నాన్న జనాన్ని వెంటేసుకుని వచ్చాడు. చూసినారా, రాహుకాలం నా కూతుర్ని కాపాడిందప్పా అని ఓబుళేశు ఎదుటే చెప్పాడు. సిగ్గుతో చచ్చాను.

ఇంజన్ ఆగిన ఆ టైములో నేనైతే రాళ్ళ మీద ఎగురుతూ ఉండేదాన్ని. కింద నాన్న చేతులూపుతూ ఉండేవాడు. థూ, ఎంత పొగరే నీకు.

ఫిబ్రవరి 18

నువ్వైతే అప్పుడు యాడుంటాంటివక్కా అని ఓబుళేశు అడిగాడు.

నీ మాదిరే, రన్‌వే పక్కనే అన్నాను.