మూడో కిటికీ వారికి, రోడ్డు దాటే విషయమై

అయ్యా,

ప్రపంచ ఆటల పోటీల ప్రయాణ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, ఏ సంగతైనా మూడో కిటికీకి రాసి పంపమన్నారు. అందుకే ఈ ఉత్తరం.

మా వీధిలో సైకిల్ పందెం ఉందని, పదకొండో తేదీ నుంచి పదిహేను దాకా రోడ్డుకు రెండు వైపులా కంచె ఉంటుందని గోడకు కాగితం అంటించారు. చదివి అక్కడే నిలబడిపోయాను. పద్నాలుగో తేదీ ఉదయం పదిన్నరకు మా పిన్ని పెళ్ళి. రిజిస్ట్రారు ఆఫీసు మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, నలభై అడుగుల దూరంలో ఉంది. మా బాల్కనీలోంచి చూస్తే అక్కడి గుమాస్తా కునుకు తీయడం కనిపిస్తుంది.

పిన్ని రిటైరైన నర్సు, అరవై రెండేళ్ళు. పెళ్ళికొడుకు మా బిల్డింగు లిఫ్టును ఇరవై ఏళ్ళు బాగుచేసిన మెకానిక్కు. మేమంతా లిఫ్టుగారు అంటాం. ఆయన ఇల్లు అటువైపే. సాక్షిని నేను. ఈ తేదీ తప్పితే మళ్ళీ ఐదు నెలలకు గాని దొరకదట. ఎలా దాటాలో దయచేసి తెలపగలరు.

ఇట్లు,
పద్దెనిమిదో నంబరు ఇంటావిడ

తా.క. కంచె కట్టకముందే వెళ్ళి లిఫ్టుగారింట్లో ఉండమని పిన్నికి చెప్పి చూశాను. "పెళ్ళి కాకుండా పెళ్ళికొడుకింట్లోనా? చదువుకున్నదానివి, నీకెలా తోచిందే?" అంది. అప్పట్నుంచి నా చదువు మీద నాకే అనుమానంగా ఉంది.

*

అమ్మా,

మీ అర్జీ అందింది. రోడ్డు దాటడం కుదరదు. వేరే మార్గం ఇది: వీధి చివర పన్నెండో నంబరు బస్సెక్కి, ఏడో స్టాపులో దిగి, మెట్రోలో నది దాటి, ఊరంతా తిరిగే చుట్టుబస్సులో మళ్ళీ నది దాటి, ఈతకొలను స్టేడియం వెనకనుంచి మూడు కిలోమీటర్లు నడవాలి. నాలుగు గంటల పది నిమిషాల్లో రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద ఉంటారు.

ఇట్లు,
మూడో కిటికీ

తా.క. ఐదు నెలలు ఆగితే ఊరు ఖాళీ అవుతుంది. ఇన్నేళ్ళు ఆగినావిడకి అదొక ఆలస్యమా?

*

అయ్యా,

తల చుట్టూ తిప్పి ముక్కు చూపించడం అని వినడమే గాని, తిరిగి చూడటం ఇదే మొదలు.

పెళ్ళినాడు తడబడకూడదని ఆదివారం మీరు చెప్పిన దారిన వెళ్ళి చూశాం. చుట్టుబస్సు దిగగానే జనం మమ్మల్ని మోసుకుపోయి ఈతకొలను స్టేడియంలో పడేశారు. నీళ్ళలో బంతాట జరుగుతోంది. పిన్ని పాపం ఎప్పుడూ చూసి ఎరగదు. "ఆ ఎర్ర టోపీ మనిషిని ముంచేస్తున్నారే, అందరూ చూస్తూ కూర్చుంటారేం" అంటూ నేను పట్టుకునేలోపే కొలను గట్టు మీదికి వెళ్ళి అతని చెయ్యి పట్టి లాగింది. రిఫరీ ఈల వేశాడు. రెండు దేశాలవాళ్ళూ నోళ్ళు తెరుచుకుని చూశారు. మమ్మల్ని పోలీసు వ్యానులో ఇంటికి చేర్చారు.

కంచె దాటడానికి పాసు లాంటిదేమైనా ఉంటుందా?

ఇట్లు,
పద్దెనిమిదో నంబరు

తా.క. వ్యాను మా ఇంటికి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. నాలుగు గంటల లెక్క ఎవరు వేశారో తెలుసుకోవచ్చా?

*

అమ్మా,

పందెంతో సంబంధం ఉన్నవారికే పాసు. ఫారం జతచేశాను, నాలుగు పేజీలు. ఎత్తు, బరువు, ఏ జట్టు, గత విజయాలు అన్నీ నింపాలి. నిషేధిత మందులు వాడలేదని రక్తపరీక్ష తప్పనిసరి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా చెల్లదు.

ఇట్లు,
మూడో కిటికీ

తా.క. పందొమ్మిదో గడి మరీ ముఖ్యం.

*

అయ్యా,

పందొమ్మిదో గడి రెండుసార్లు చదివాను. "వరుడి సంతానానికి ఈ పెళ్ళి ఇష్టమేనా?" సైకిల్ పందేనికి ఈ సంగతి ఎందుకో నాకు అంతు పట్టలేదు. అడుగుదామనుకున్నాను. కానీ నాకు తెలియనివి లోకంలో బోలెడు కదా అని ఊరుకుని నిజమే రాశాను: ఒక్కతే కూతురు, రెండు నెలలుగా తండ్రితో మాటల్లేవు.

ఇక రక్తం. పిన్ని నర్సు కదా, నేను కళ్ళు మూసుకుని తెరిచేలోపు తన చేతినుంచి తనే తీసేసింది. సీసా పోస్టులో తీసుకోలేదు. నేనే తెచ్చాను, మీరు భోజనానికి వెళ్ళారన్నారు. కిటికీలో పెట్టాను. ఎండ తగలనివ్వకండి.

ఇట్లు,
పద్దెనిమిదో నంబరు

తా.క. (ఇది పిన్ని రాస్తున్నది) నాయనా, పందొమ్మిదో గడిలో మా అమ్మాయి సగమే రాసింది. ఆయన కూతురూ మీ పోటీల ఆఫీసుల్లోనే ఎక్కడో చేస్తోందట. నీకెక్కడైనా కనిపిస్తే చెప్పు. తను వద్దంటే నేను ఆగిపోతాను. ఉలుకూ పలుకూ లేకపోతే మాత్రం ఎట్లా? ఆ మనిషి ఫోను పక్కన పెట్టుకుని కూర్చుని సగమయ్యాడు.

*

అక్కా,

మీరు అయ్యా అని రాస్తుంటే దిద్దలేదు. పిన్నిగారు నాయనా అన్నాక ఇక దాచలేను. లిఫ్టుగారి అమ్మాయిని నేనే.

మీ మొదటి ఉత్తరం విప్పేదాకా పెళ్ళి తేదీ నాకు తెలియదు. ఒళ్ళు మండిపోయింది. ఆ నాలుగు గంటల దారి విదేశీ అతిథులకు ఊరు చూపించడానికి వేసింది. ఫారం నేను ఇంట్లో టైపు చేసింది. అందులో ఏ గడీ నిజం కాదు, ఆ పందొమ్మిదోది తప్ప.

కంచెలో మీ గుమ్మం ఎదురుగా ఒక తలుపు ఉంటుంది. పన్నెండు నిమిషాలకోసారి సైకిళ్ళ గుంపు వెళ్ళాక ఎవరైనా దాటవచ్చు. నిబంధనల పుస్తకంలో మొదటి పేజీ, మొదటి వాక్యం ఇదే.

అమ్మ పోయి ఆరేళ్ళు. నాన్నకు తోడు వద్దని కాదు నా బాధ. నాకు చెప్పకముందే ఆవిడకి మాటిచ్చేశాడని. భోజనం చేసి వచ్చేసరికి సీసా ఉంది. లేబుల్ మీద ఆవిడ చేతిరాత: "పెళ్ళికూతురు. ఆరోగ్యంగా ఉంది." సీసాను ఎండ తగలని చోట పెట్టి కిటికీ మూసేశాను. సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

పద్నాలుగున ఆ తలుపు దగ్గర డ్యూటీ అడిగి వేయించుకున్నాను.

ఇట్లు,
మీ మూడో కిటికీ

తా.క. దాటేటప్పుడు ఆవిడని పరుగెత్తొద్దనండి. ఎర్రజెండా నా చేతిలోనే ఉంటుంది. ఆవిడ నాన్న దగ్గరికి చేరేదాకా సైకిళ్ళు ఆగుతాయి. ప్రపంచమంతా టీవీలో చూస్తుందట. చూడనీండి.