ఖాళీ గదికి చల్లదనం

చిరంజీవి చిన్నోడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, నా రెండు ఇస్త్రీ పెట్టెలూ కులాసా. అక్కడ నువ్వూ, మరదలూ, పిల్లదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. ఫోన్లో మనిద్దరం ‘ఆ... ఊఁ...’ అనడం తప్ప ఏమీ మాట్లాడుకోలేం కాబట్టి ఈ ఉత్తరాల అలవాటే నయం. పైగా ఈసారి నీ గొంతు వింటే నేను చెప్పాల్సింది చెప్పలేను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. నువ్వు పంపిన మిషన్ బాగా పనిచేస్తోందా అన్నావు. భేషుగ్గా పనిచేస్తోంది. అది వచ్చిన రోజు పెట్టె విప్పి, ‘తేమ లాగే మిషనట, చల్లగాలి ఇచ్చేది కొనబోయి వీడు ఏదో కొనేశాడు’ అనుకున్నాను. ముందు గదిలో పెట్టి, కిటికీలు మూసి, పనిలో పడ్డాను. గదిలో వేడి ఏమీ తగ్గలేదు. పైగా మిషన్‌లోంచి వెచ్చటి గాలి వస్తోంది. నిన్ను తిట్టుకుంటూ ఒక మూట చొక్కాలు ఇస్త్రీ చేశాక చూసుకుంటే, జాకెట్టు వీపుకి అంటుకోలేదు. చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోతోంది. ఎప్పటినుంచో తిరుగుతున్న ఆ పాత ఫ్యాను గాలి మొదటిసారి ఒంటికి తగిలింది. ప్రాణం లేచొచ్చిందిరా.

మిషన్ డబ్బాలో చేరిన నీళ్ళు పారబోయబుద్ధి కాక ఆవిరి ఇస్త్రీ పెట్టెలో పోశాను. కొళాయి నీళ్ళకి నల్ల ప్యాంట్ల మీద తెల్ల మరకలు పడతాయి, వీటికి పడలేదు. పెట్టె ఆవిరి వదలడం, మిషన్ దాన్ని పట్టి డబ్బా నింపడం, నేను తెచ్చి మళ్ళీ పెట్టెలో పోయడం. ఎదురు కొట్టు టైలరు చూసి చూసి, “ఏంటక్కా, నీళ్ళని ఊరేగిస్తున్నావా?” అన్నాడు.

ఈ సంగతి రాస్తే నువ్వు నవ్వుతావనుకున్నాను. నవ్వలేదు. మిషన్ ముందు గదిలో వద్దు, వెనక గదిలో పెట్టి తలుపు మూసెయ్ అని రాశావు. నాన్న పోయాక ఆ గదిలో ఎవరు పడుకుంటున్నారు? ఖాళీ గదికి చల్లదనం ఎందుకురా అని అడిగితే, తేమంతా ఆ గది గోడ నుంచే వస్తోంది, దాన్ని ఆరబెడితే ఇల్లంతా హాయిగా ఉంటుందన్నావు. చదువుకున్నవాడివి, నీ మాటే వేదం అనుకున్నాను. ముందు గదిలో నేను చెమటలు కక్కుతుంటే వెనక గదిలో గోడ హాయిగా ఆరింది.

ముక్కవాసన పోయిందా అన్నావు. పోయింది. పెచ్చులు ఊడటం ఆగిందా అన్నావు. ఆగింది, నువ్వు చెప్పినట్టే రంగు కూడా వేయించాను. పనివాడితో పాటు నిచ్చెన ఎక్కి మూలలు నేనే గీకాను. మిషన్ చూడటానికి నీ స్నేహితుడు వచ్చాడా అన్నావు. వచ్చాడు, భార్యతో సహా.

ఆయన మిషన్ వంక చూడనేలేదు. గోడకి అరచెయ్యి ఆనించాడు, వేళ్ళతో కొట్టి చూశాడు, వాసన చూశాడు. ఆవిడ నేనిచ్చిన కాఫీ తాగుతూ, ముందు గదిలో నా ఇస్త్రీ బల్ల చూసి, “ఇక్కడ సోఫా పడుతుంది కదండీ” అని ఆయనతో అంది. తర్వాత నావైపు తిరిగి, “మీరు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారండీ? వానలు పడేలోపే అన్నారు మీ తమ్ముడు” అంది. పాపం, నాకు తెలుసనే అనుకుంది.

నేను తెలిసినట్టే తలూపాను. నీ పరువు పోకూడదని తలూపాను చూడు, అదీ నా బుద్ధి. వాళ్ళు వెళ్ళాక ఇస్త్రీకి నిలబడ్డాను. ఎవరిదో తెల్ల చొక్కా కాలరు మాడిపోయేదాకా పెట్టె ఎత్తలేదు.

ఇల్లు నీ పేరు మీదే ఉంది, నేను కాదనలేను. నాన్న అలా రాస్తూ, “అక్క ఉన్నన్నాళ్ళూ ఇది అక్కదేరా” అంటే, “అది కూడా చెప్పాలా నాన్నా” అన్నావు. నా గిరాకీ అంతా ఈ వీధిదే. ఈ ముందు గది లేకపోతే బల్ల ఎక్కడ వేసుకోను? ఈ వయసులో కొత్త వీధిలో నా చేతికి ఎవరు చొక్కా ఇస్తారు? ఇవన్నీ నీకు తెలియనివి కావు.

ఇంతసేపూ దాచింది ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజే మిషన్ ఆపి ముందు గదిలోకి లాక్కొచ్చాను. తర్వాత రెండు వానలు పడ్డాయి. గోడ మళ్ళీ ఉబ్బింది, నేను వేయించిన రంగు పొక్కిపోయింది. వాళ్ళు టేపు పట్టుకుని కొలతలకి వస్తే నేనే తలుపు తీసి చూపించాను. “మా నాన్న ఉన్నన్నాళ్ళూ దీనికి రంగులు వేస్తూనే ఉన్నారండీ. ఈ గోడ తడి పోదు. మొన్న మీరు చూసింది మిషన్ చలవ” అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది, “పద” అని భార్యతో అని మెట్లు దిగిపోయాడు. ఆవిడ మాత్రం ఆగి, నా చెయ్యి నొక్కి వెళ్ళింది. నీ స్నేహితుడు ఫోన్ ఎత్తడం లేదని రాశావుగా, ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

నీకు ఏం అవసరం వచ్చిపడిందో నాకు తెలియదు. ‘అక్కా, ఇల్లు అమ్మాలి’ అని ఒక్క మాట అనాల్సింది. ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, కొన్నాళ్ళు మాట్లాడటం మానేసేదాన్ని, ఆ తర్వాత నేనే మూటాముల్లె సర్దుకునేదాన్ని. నువ్వు ఆ మాట అనలేదు. నన్ను గెంటే పని నా చేతే చేయించావు. నేను నిచ్చెనెక్కి మూలలు గీకుతూ, ఈ మిషన్ నా తమ్ముడు నా మీద ప్రేమతో పంపాడని వీధి వీధంతా చెప్పుకున్నానురా. ఇప్పుడు వాళ్ళ మొహాలు చూడలేకపోతున్నాను.

ఇంకొక్కటే. నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని వెతికాను. గోడ ఆరిందా అని ఉంది. వాసన పోయిందా అని ఉంది. ‘నీకు చల్లగా ఉందా అక్కా’ అని ఎక్కడా లేదు.

అడగకపోయినా చెబుతున్నాను. మిషన్ ఇప్పుడు నా బల్ల పక్కనే ఉంది. నాకు చల్లగా ఉంది.

ఇట్లు,
ఇంకా ఈ ఇంట్లోనే ఉన్న
నీ అక్క