అక్క రోజూ కచేరీలకు వెళ్తోంది

బావా,

నీ సంవత్సరీకానికి అద్దెకు తెచ్చిన గుండిగలు ఇంకా తిరిగి ఇవ్వనే లేదు, అప్పుడే నీ భార్య మీద నీకొక ఫిర్యాదు రాయవలసి వచ్చింది. బీచి రోడ్డులో వారం రోజులుగా జాజ్ అనీ, దేశదేశాల సంగీతమనీ కచేరీలు జరుగుతున్నాయి. నువ్వు పోయాక గాజువాక దాటని అక్క, రోజూ సాయంత్రం బస్సెక్కి వాటికి వెళ్తోంది. ఏడాదికే నిన్ను మరిచిపోయిందా అనిపించింది. డిగ్రీ చదివిన తమ్ముడిగా అనుమానించడం నా విధి కనుక, నిన్న ఆవిడ వెనకాలే వెళ్లాను.

వేదిక మీద ఒక తెల్లాయన క్లారినెట్‌తో పాటను ఎటో తీసుకుపోయాడు. తిరిగి తెచ్చే ఉద్దేశం ఉన్నట్టు కనపడలేదు. ఆయన్ని కూడా అనుమానించాను. అక్క మాత్రం రెప్ప వేయకుండా వింటోంది.

"ఏటక్కా, నీకేటి అర్థమవుతంది?" అంటూ పక్కన చేరాను.

"నా ఎనకాలొచ్చేవా? కూకో. పెళ్లి బేండు నుంచొచ్చి మీ బావ ఇంట్లో ఇలాగే ఊదీవోడు. పాట పాడు సేసేత్తన్నావని ఆపించీదాన్ని. ఆయన నిజంగా పాడు సేసేడా, ఇలాటి వాయింపొకటుందా అని సూసుకుంటన్నాను."

"మరి తేలిందా?"

"ఉంది."

ఇవాళ ఆఖరి కచేరీ. అక్క వెళ్లలేదు. అటక మీంచి నీ క్లారినెట్ దింపి, తుడిచి నా చేతికిచ్చింది. నేను ఊదగానే అరుగు మీది కుక్క లేచి వెళ్లిపోయింది. సిగ్గుపడి దించబోయాను.

"ఆపకు," అంది.